పాత యాంప్ల ముసల్దయ్యేది ఏది, కానిది ఏది

(హనుమకొండల ఒక ఆదివారం పొద్దున పాత ఆడియో సామాన్ల మీద ఇచ్చిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసింది.)

అందరికి నమస్తే. ఎన్క కూసున్నోళ్లకు ఇనవడుతుందా? సరే.

ఇగో ఈ టేబుల్ మీద ఉన్నది స్టీరియో పవర్ యాంప్లిఫైయర్, అంటే చిన్న సిగ్నల్‌ను పెద్దగ చేసి స్పీకర్లను పాడిచ్చే డబ్బా, యాంప్ అంటం, 1980లల్ల జపాన్‌ల తయారైన మాలు, 14 కిలోల బరువు. దీన్ని నేను వరంగల్‌ల ఒక పాత ఇనుప సామాన్ల దుకాణంల కొన్న. నేను పోయేసరికే పైన మూత ఊడదీసి పక్కన పెట్టిండ్రు, ట్రాన్స్‌ఫార్మర్ల రాగి ఎంత ఎల్తది, వేడిని బయటికి పంపే హీట్ సింక్‌ల అల్యూమినియం ఎంత ఎల్తది అని లెక్కేసుకుంటున్నరు, ఇంకో గంట ఆగి పోతే సుత్తె పడేది దాని మీద. కిలో లెక్కన తూకమేసి, మీదికెల్లి ఇంకో ఐదు వందలిచ్చి బండి మీద కట్టుకొని తెచ్చుకున్న. ఇది ఎందుకు చెప్తున్ననంటే మన దిక్కు ఇసొంటియి మస్తు ఇట్లనే తూకానికి పోయినయ్, అండ్ల సగానికి సగం చిన్న చిన్న రోగాలతోటి పోయినయ్.

మన దిక్కు ఇవి ఎక్కడినుంచి వచ్చినయో మీకు ఎర్కే. జగిత్యాల, సిరిసిల్ల, కరీంనగర్, నిజామాబాద్, ఆ ఊర్లకెల్లి గల్ఫ్‌కు పోని ఇల్లు లేదు, మన వరంగల్ జిల్లాలకెల్లి గూడ పోయిండ్రు. రెండేండ్లకో మూడేండ్లకో సెలవు మీద వచ్చేటప్పుడు దుప్పట్లు, సెంటు సీసాలు, టార్చిలైట్లు, టేప్ రికార్డర్, ఇగ జర పైసలు మిగిల్చినోళ్లయితే ఏకంగ స్టీరియో సెట్టు. అవి ఇప్పుడు అటుకల మీద ఉన్నయ్, మైక్ సెట్టోళ్ల గోదాంలల్ల ఉన్నయ్, ఎర్రగడ్డ సండే మార్కెట్‌ల ప్లాస్టిక్ కవర్ మీద పెట్టి అమ్ముతుంటరు.

మా మేనమామ సౌదీల డ్రైవర్ పని చేసేది. 1989 ఎండాకాలంల సెలవు మీద వచ్చిండు, బొంబాయిల దిగి రైలెక్కి కాజీపేటల దిగిండు, నేనూ మా బాపు పోయి తీస్కొచ్చినం. దుప్పట్ల చుట్టి, తాడుతోటి కట్టి, పసిపిల్లను తెచ్చినట్టు తెచ్చిండు ఒక యాంప్. అక్కడ ఎవరి దగ్గర్నో సెకండ్ హ్యాండ్‌ల కొన్నడంట. ఇంట్ల అందరం దాని సుట్టు కూసున్నం, పక్కింటోళ్లు గూడ వచ్చిండ్రు. నేను అప్పుడు ఇంటర్ చదువుతున్న, ఇంట్ల రేడియో ఇప్పి సూసేది నేనే కాబట్టి ప్లగ్గు నన్నే పెట్టుమన్నరు. పెట్టిన. స్విచ్చు ఏసిన. బుయ్యిమని పెద్దగ మూలిగింది, నాలుగైదు సెకండ్లు అట్లనే మూలిగి, లోపల పటాకి పేలినట్టు ఢాం అన్నది, మూత సందులకెల్లి తెల్లటి పొగ, ఎండు చాపలు మాడినట్టు ఒక వాసన, దాని మీదికెల్లి వార్నిష్ కాలిన వాసన. కరెంటు తీసేసేసరికి అంత అయిపోయింది.

తర్వాత ఎన్క తిప్పి చూస్తే అక్కడ రూపాయి బిళ్లంత వోల్టేజీ సెలెక్టర్ ఉన్నది, స్క్రూడ్రైవర్‌తోటి తిప్పేది. దాని బాణం 120 మీద ఉన్నది. సౌదీల అప్పట్ల చానా ఇండ్లల్ల కరెంటు 127 వోల్టులు, 60 సైకిల్స్, అంటే సెకండుకు 60 సార్లు అటూ ఇటూ మారేది. దుబాయ్‌ల అట్ల కాదు, అక్కడ మన లెక్కనే 220, 240, 50 సైకిల్స్. అంటే ఒకాయన దుబాయ్ నుంచి తెచ్చింది నేరుగ ప్లగ్గు పెడితే పాడింది కదా అని ఇంకొకాయన సౌదీ నుంచి తెచ్చింది గట్లనే పెడితే కాలిపోతది. 120కి కట్టిన ట్రాన్స్‌ఫార్మర్ వైండింగ్‌కు, అంటే రాగి తీగ సుట్లకు, 230 ఇస్తే నడుమ ఉన్న ఇనుప కోర్ మోయలేక సాచురేట్ అయితది, ఇగ కరెంటు ఇష్టమొచ్చినట్టు గుంజుతది. అప్పుడు ఫ్యూజు ఎగిరిపోవాలె, ఫ్యూజు ఉన్నదే అందుకు. కని అంతకు ముందే ఎవరో, ఎవరో తెల్వదు, పోయిన గాజు ఫ్యూజుకు సిగరెట్ ప్యాకెట్ల ఉండే మెరుపు కాయితం సుట్టి మళ్ల అండ్లనే పెట్టిండ్రు. కాయితం పోలే, ట్రాన్స్‌ఫార్మర్ పోయింది. మా మామ ఒక్క మాట అనలే నన్ను. "పోనియ్ అల్లుడా" అన్నడు అంతే. ఇప్పటికీ ఎవరన్న పాత యాంప్ తెచ్చి ముందట పెడితే నేను ఫస్టు ఎన్క దిక్కు తిప్పుత, సెలెక్టర్ చూస్త, ఫ్యూజు ఊడదీసి అద్దాలు పెట్టుకొని దాని మీద నంబర్ చదువుత, ఆ తర్వాతనే ముందు దిక్కు చూస్త.

సెలెక్టర్ మార్చినంక ఫ్యూజు గూడ మార్చాలె, మర్చిపోవద్దు. 120ల 5 యాంపియర్లది ఉంటే ఇక్కడ 230కి దాంట్ల సగం చాలు. 220, 240 రెండూ ఉంటే 240 మీదనే పెట్టుండ్రి, ఎందుకంటే మన దగ్గర పొద్దుమూకి 190 ఉన్న లైన్ నడిజాముకు 250 అయితది. 220 మీద పెట్టి 250 ఇస్తే లోపల ప్లస్ మైనస్ 50 వోల్టులు ఉండాల్సిన కాడ 57 దాకా పోతది, అక్కడ కరెంటును పట్టి ఉంచే కండెన్సర్ 63 వోల్టులదే, అంతకు మించి ఓర్వదు. ఇగ కొన్ని మోడళ్లకు సెలెక్టరే ఉండది, జపాన్ లోపల అమ్మినయి 100 వోల్టులవి, అమెరికావి 120వి, వాటికి స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలె తప్ప వేరే తొవ్వ లేదు. ఉత్త 60 సైకిల్స్‌కే చేసింది మన 50 సైకిల్స్ మీద జర ఎక్కువ వేడైతది, జర ఎక్కువ మూలుగుతది.

ఇగ అసలు ముచ్చట. ముప్పై ఏండ్లకెల్లి ఈ పని చేస్తున్న, నాకు సమజైంది ఏందంటే పాత యాంప్ల ముసల్దయ్యేది వేరే, కానిది వేరే. ట్రాన్స్‌ఫార్మర్ను కాలవెట్టకుంటే దానికి వయసు లేదు. హీట్ సింక్‌కు లేదు, డబ్బాకు లేదు. సిలికాన్ ట్రాన్సిస్టర్ను వేడి మీద చంపకుంటే నలభై ఏండ్లయినా అట్లనే ఉంటది. రెసిస్టర్లు చానామట్టుకు బాగనే ఉంటయ్. ప్లాస్టిక్ ఫిల్మ్ కండెన్సర్లు బాగనే ఉంటయ్. మరి ముసల్దయ్యేది ఏంది? లోపల నీళ్ల మందు ఉండే ఎలక్ట్రోలిటిక్ కండెన్సర్, అది ఎండిపోతది. రిలే, అంటే కరెంటుతోటి నడిచే స్విచ్చు, దాని కాంటాక్టులు, మామూలు స్విచ్చులు, వాల్యూమ్ కంట్రోళ్లు, అంటే లోహం లోహాన్ని ముట్టుకునే ప్రతి జాగా. ప్రీసెట్లు, అంటే లోపల ఒక్కసారి సెట్ చేసి ఇడిసిపెట్టే చిన్న కంట్రోళ్లు. ట్రాన్సిస్టర్ కింద వేడి దిగేటందుకు పూసిన తెల్ల పేస్టు, అది సున్నం లెక్క ఎండిపోతది. వేడి రెసిస్టర్ల కాళ్ల కాడ సోల్డర్, సుట్టు రింగు లెక్క పగులుతది, మనోళ్లు డ్రై సోల్డర్ అంటరు. ఇంకొకటి చానామందికి తెల్వదు, గమ్ము. పెద్ద కండెన్సర్లు కదలకుండ కింద పసుపు గమ్ము పోసిండ్రు ఆ కాలంల జపానోళ్లు, అది వేడికి ఏండ్లు పోంగ పోంగ గోధుమ రంగు, తర్వాత కాఫీ రంగు అయితది, అప్పుడది కరెంటు పారిచ్చుడు మొదలు పెడ్తది, కింద ఉన్న కాళ్లను తింటది. దీంట్ల గూడ ఉండె. ఇగో ఈ డయోడ్ కాలు చూడుండ్రి, ఇటు పాస్ చెయ్యుండ్రి, ఆకుపచ్చగయి సగం తినేసింది, చేత్తోటి ముట్టుకుంటె ఊడొచ్చింది. ఆ గమ్మును చెక్క పుల్లతోటి గీకి గీకి తియ్యాలె, జర వేడి గాలి కొడితే మెత్తవడుతది, ఒక పూట పడ్తది ఓపిక ఉంటే.

పాత మెకానిక్ ఎవరన్న వయసైన వాటిని ఇడిసిపెట్టి వయసు కాని వాటిని మార్చిండంటే యాంప్ ఆగమైతది. దీనికి అదే జరిగింది.

ఇది నా దగ్గరికొచ్చినప్పుడు రెండు ఛానళ్లల్ల ఒకటి, లెఫ్ట్, చిన్న వాల్యూమ్‌ల పాడకపోయేది. వాల్యూమ్ పెంచితే టప్‌మని వచ్చేది, మళ్ల తగ్గిస్తే కొంచెంసేపు బాగనే ఉండి మెల్లగ గరగర అని పోయేది. మైక్ సెట్ల పని చేసినోళ్లకు ఈ రోగం చూడంగనే తెలుస్తది, రిలే. స్పీకర్‌ను కాపాడే రిలే ఉంటది గదా, స్విచ్చు ఏసినంక మూడు నాలుగు సెకండ్లకు టక్ అంటది, దాని కాంటాక్టుల మీద నల్లటి పొర పడితే చిన్న సిగ్నల్ దాన్ని దాటలేదు, పెద్ద సిగ్నల్ వస్తే పొరను చీరుకొని పోతది. అంతే రోగం. రిలే కొత్తది మంచిదే రెండు మూడు వందలు ఉంటది. కని దీన్ని అంతకు ముందు ఎవరో చూసి లెఫ్ట్ ఛానల్ రావట్లేదని ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్లు, అంటే స్పీకర్‌కు కరెంటు ఇచ్చే పెద్దయి, మార్చిండు. మంచియి తీసి పారేసి డూప్లికేట్లు పెట్టిండు. కావాలని చేసిండని నేను అనను, వాళ్లకు గూడ దుకాణంల అట్లనే ఇచ్చి ఉంటరు, కని నాకు మస్తు బాధయింది.

ఎట్ల తెలిసిందంటే, రైట్ దిక్కు ఉన్న ఒరిజినల్ ట్రాన్సిస్టర్ మీద నంబర్ చెక్కినట్టు మసక మసకగ ఉన్నది, లెఫ్ట్ దిక్కుది మాత్రం నిన్న రాసినట్టు తెల్లగ మెరుస్తున్నది. దూదికి థిన్నర్ అద్ది తుడిచిన, నంబర్ మొత్తం దూదికి వచ్చింది. చేతిల పెట్టుకుంటె బరువు గూడ తక్కువ. ఒకటి ఎట్లాగూ పోయిందని ఆక్సా బ్లేడుతోటి పైన టోపీ కోసిన. పాత 3055 తెల్సు కదా మీకు, 2ఎన్3055, మన మైక్ సెట్లన్నిట్ల అదే ఉండె, నాటు కోడి లెక్క గట్టి ప్రాణం, దాని లోపల ఉన్న సిలికాన్ ముక్క శనగ బద్దంత ఉంటది. ఈ డూప్లికేట్‌ల ఉన్నది ఆవ గింజంత. అంత చిన్న ముక్క మీద నుంచి 5 యాంపియర్లు పారాలంటే ఎక్కడ పారుతది, వేడిని ఎక్కడ పంపుతది? చిన్నగ పాడినంత సేపు ఏం కాదు, పండుగ రోజు జర గట్టిగ పెడితే పోతది, పోయేటప్పుడు షార్ట్ అయి పోతది, షార్ట్ అయితే 50 వోల్టుల డీసీ సక్కగ స్పీకర్‌కు పోతది, దీంట్ల రిలే ఉన్నది కాబట్టి స్పీకర్ బతికింది.

ఇటు వయసులో పెద్దోళ్లున్నరు, మీకు తెల్సిందే కని పోరగాండ్ల కోసం చెప్త. ట్రాన్సిస్టర్ చూడాలంటే మీటర్ డయోడ్ మీద పెట్టుండ్రి, దానికి బేస్, ఎమిటర్, కలెక్టర్ అని మూడు కాళ్లు, బేస్ నుంచి ఎమిటర్‌కు, బేస్ నుంచి కలెక్టర్‌కు ఒక దిక్కు 0.5 నుంచి 0.7 చూపాలె, ఇంకో దిక్కు ఏం చూపొద్దు. కలెక్టర్ ఎమిటర్ మధ్య బీప్ అన్నదంటే అయిపోయింది. ఈ మెటల్ డబ్బా దానికి రెండే కాళ్లుంటయ్, మూడోది డబ్బానే, అదే కలెక్టర్. అందుకే కింద కరెంటును ఆపే పలచని మైకా రేకు పెడ్తం, స్క్రూలకు ప్లాస్టిక్ బుష్ పెడ్తం. బిగించినంక కరెంటు ఇయ్యకముందు డబ్బాకూ హీట్ సింక్‌కూ మధ్య మీటర్ పెట్టి చూడుండ్రి, బీప్ అనొద్దు. పేస్టు రొట్టెకు నెయ్యి రాసినంత పలచగ చాలు. ఇగ పెద్ద ట్రాన్సిస్టర్ పోయిందంటే దాని ఎన్క దాన్ని నడిపే చిన్న ట్రాన్సిస్టర్, డ్రైవర్ అంటం, దాన్ని, పక్కన ఎమిటర్ కాలుకున్న రెసిస్టర్‌ను చూడకుండ కొత్తది పెట్టొద్దు, తొంభై పాళ్లు అవి గూడ పోయి ఉంటయ్, కొత్తది పెట్టిన నిమిషానికే తీస్కపోతయ్. నేను దీనికి ఎంజె15003, దాని జోడి ఎంజె15004 పెట్టిన, 140 వోల్టులు, 20 యాంపియర్లు, ఇప్పటికీ మంచి డీలర్ దగ్గర బిల్లు మీద దొరుకుతయ్. హైదరాబాద్ కోఠిల గుజరాతీ గల్లీ పోయినా బిల్లు అడుగుండ్రి. అరవై రూపాయలకు ఇస్తా అన్నోని దగ్గర కొనకుండ్రి.

కొన్ని పాత యాంప్‌లల్ల రెండు దిక్కులా ఒకటే నంబర్ ఉంటది, ప్లస్‌కూ ఎన్‌పీఎన్నే, మైనస్‌కూ ఎన్‌పీఎన్నే. మామూలుగ మైనస్‌కు దానికి ఉల్టా ఉండే పీఎన్‌పీ రకం పెడ్తరు. ఎవడో తప్పు పెట్టిండని మార్చకుండ్రి. పవర్‌ఫుల్ సిలికాన్ పీఎన్‌పీలు దొరకని కాలం అది, ఒకటే రకంతోటి నడిపే ఈ ఉపాయం అంతకు ముందే 1956ల అమెరికా కంపెనీ ఆర్సీఏల హెచ్.సి. లిన్ అనే ఇంజనీర్ చెప్పి ఉండె, క్వాసీ కాంప్లిమెంటరీ అంటరు, 1967ల వచ్చిన ఇంగ్లాండ్ యాంప్ క్వాడ్ 303 గూడ అదే జాతి. అదే కంపెనీ 1975ల తెచ్చిన 405 ఎవరికన్న దొరికితే అండ్ల బయాస్ ప్రీసెట్ కోసం ఎతుకకుండ్రి, ఉండది, బయాస్ అంటే ఏందో జర ఆగి చెప్త. ఆ కంపెనీ పెట్టిన పీటర్ వాకర్ చేసిన కరెంట్ డంపింగ్ అనే సర్క్యూట్ అది, సెట్టింగే అక్కర లేకుండ చేసిండు. ఎంత మంచి బుర్రనో ఆయనది.

ఆ, తమ్మీ అడుగు. ...అన్ని కండెన్సర్లు ఒక్కసారే మార్చేస్తే అయిపోదా అని అడుగుతున్నడు. చానామంది అట్లనే చేస్తున్నరు ఇప్పుడు, యూట్యూబ్‌ల చూసి కిట్టు తెప్పించుకొని నలభై కండెన్సర్లు ఒక్క పూటల మార్చుడు. నేను వద్దంట. ఆ పాత బోర్డు మీద రాగి గీతలు సన్నగ ఉంటయ్, నలభై ఏండ్ల గమ్ము మీద అతుక్కొని ఉన్నయ్, ఐరన్ రెండు సెకండ్లు ఎక్కువ పెడితే లేచొస్తయ్. నలభైల ఒకటి ప్లస్ మైనస్ తిరగేసి పెడితే అది పేలుతది. అన్ని మార్చినంక కొత్త రోగం మొదలైతే అది ఏడికెల్లి వచ్చిందో ఆ దేవునికే తెలవాలె. నేనైతే ముందుగాల పెద్ద ఫిల్టర్ కండెన్సర్లు చూస్త. దీంట్ల 10,000 ఎంఎఫ్‌డీ, అంటే మైక్రోఫారడ్లు, 63 వోల్టులవి రెండు, కొలిస్తే ఒకటి 9,200 వచ్చింది, ఇంకోటి 6,100. రెండూ మార్చిన, జోడి జోడే ఉండాలె. 105 డిగ్రీల వేడి దాకా ఓర్చేటియి తీస్కోండ్రి, వోల్టేజీ అంతే ఉండాలె లేకుంటే ఎక్కువుండాలె, తక్కువ మాత్రం వద్దు. ఎక్కువ ఎంఎఫ్‌డీ పెడితే బేస్ పెరుగుతదని 22,000 పెట్టెటోళ్లున్నరు, స్విచ్చు ఏసినప్పుడు అది గుంజే కరెంటుకు ఏసీని డీసీ చేసే బ్రిడ్జి రెక్టిఫైయర్ ఎన్ని రోజులు ఉంటది?

స్పీకర్ల హమ్మింగ్, అంటే బుయ్యిమనే మూలుగు, ఉందని కండెన్సర్ మీద పడొద్దు ఎంటనే. ఇన్‌పుట్ వైర్లు పీకేసి, ఒక ఆర్సీఏ పిన్ను, అంటే ఇన్‌పుట్ వైరు కొసకుండే పిన్ను, లోపల షార్ట్ చేసి అండ్ల పెట్టుండ్రి. హమ్ము పోయిందంటే రోగం బయట, వైర్లల్ల, ఎర్తింగ్‌ల ఉన్నది. పోలేదంటే లోపల. ఫోన్ల స్పెక్ట్రమ్ చూపెట్టే యాప్ ఉంటయ్, స్పీకర్ ముందట పెడితే 50 దగ్గర లేస్తుందా 100 దగ్గర లేస్తుందా తెలుస్తది. రెక్టిఫై అయిన కరెంటు 100 సైకిల్స్, కాబట్టి 100 దగ్గర లేస్తే ఫిల్టర్ కండెన్సర్లను అనుమానించాలె. 50 అంటే ఎర్త్ లూప్, అంటే రెండు సామాన్లకు రెండు చోట్ల ఎర్త్ తగులుడు, వైరు, ఇసొంటియి. దీంట్ల 100 ఉండె.

ఇప్పుడు చెప్పబోయేది పోరగాండ్లు జర మనసుపెట్టి ఇనుండ్రి. ప్లగ్గు తీసినంత మాత్రాన యాంప్ సచ్చిపోదు. 10,000 ఎంఎఫ్‌డీల 50 వోల్టులు అంటే పన్నెండున్నర జౌల్స్ శక్తి, అసొంటియి రెండు. పాత మెకానిక్కులు స్క్రూడ్రైవర్ అడ్డం పెట్టి పట్‌మనిపించేటోళ్లు, స్క్రూడ్రైవర్ కొన ఎగిరి కంట్ల పడ్డోళ్లను నేను చూసిన. 100 ఓమ్స్ 10 వాట్ల రెసిస్టర్‌కు రెండు వైర్లు, కొసలకు ప్లాస్టిక్ తొడుగున్న క్లిప్పులు పెట్టుకోండ్రి, ఒక్కో కండెన్సర్ మీద పది సెకండ్లు పట్టుండ్రి, తర్వాత మీటర్ పెట్టి చూసి, సున్నా దగ్గరికి వస్తెనే చెయ్యి పెట్టుండ్రి.

ఇగ లోపల మురికి. మన దగ్గర మొరం దుమ్ము ఎర్రగ మెత్తగ ఉంటది, వానకాలం తేమ పడితే బురద లెక్క అతుక్కుంటది. పెయింట్ బ్రష్షు, బ్లోయర్, అంతే. దీంట్ల మెయిన్ స్విచ్చు కాడ ఒక బల్లి ఎండిపోయి అతుక్కొని ఉండె, రెండు టర్మినళ్ల మధ్యల. అది గూడ వెచ్చదనానికే వచ్చింది పాపం. అసొంటి చోట ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తోటి తుడవాలె. వాల్యూమ్ కంట్రోళ్లకు కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ముప్పై సార్లు అటూ ఇటూ తిప్పుండ్రి. తుప్పు ఇడిపించే ఆయిల్ స్ప్రే కొట్టకుండ్రి, నాలుగు రోజులు మంచిగుంటది, తర్వాత దుమ్మును పట్టి అంటు చేస్తది.

బయాస్. ఇది పెద్ద ఇద్య ఏం కాదు కని చెయ్యి వణకొద్దు. క్లాస్ ఏబీ అనే ఈ రకం యాంప్ల పాట లేనప్పుడు గూడ ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్లల్ల కొంచెం కరెంటు పారుతుండాలె, తక్కువైతే చిన్న వాల్యూమ్‌ల గొంతు గీరుకుపోయినట్టు ఉంటది, ఎక్కువైతే హీట్ సింక్ మీద చెయ్యి పెట్టలేం. ఎమిటర్ రెసిస్టర్ 0.22 ఓమ్స్ అయితే దాని రెండు కొసల మీద మీటర్ పెట్టి 10 మిల్లీవోల్టులు వచ్చిందనుకోండ్రి, 45 మిల్లీయాంపియర్లు పారుతున్నట్టు. ఎంత ఉండాలనేది ఆ మోడల్ సర్వీస్ మాన్యువల్ల ఉంటది, పాతయి చానామట్టుకు నెట్‌ల దొరుకుతయ్, అంచనా మీద తిప్పకుండ్రి. పాత ప్రీసెట్‌ను ఉంచకుండ్రి. దాని లోపల నాలుక ఒక్క క్షణం లేచిందంటే చానా సర్క్యూట్లల్ల బయాస్ ఆకాశానికి పోతది, ట్రాన్సిస్టర్లు ఒక్క శ్వాసల పోతయ్. కొత్తది పెట్టి, కనిష్టం మీద పెట్టి మొదలుపెట్టి, మెల్లగ పెంచి, అరగంట వేడయినంక మళ్ల చూసి సరిచెయ్యాలె. స్పీకర్ టెర్మినల్ల మీద డీసీ గూడ చూడుండ్రి, 50 మిల్లీవోల్టుల లోపల ఉంటే మంచిదే, వందలు దాటుతుంటే స్పీకర్ తగిలించొద్దు.

అన్నా మీరేదో అడుగుతున్నరు... వినాయక మండపానికి పెట్టొచ్చా అని. వద్దన్నా, నా మాట ఇనుండ్రి. మండపం కాడ 8 ఓమ్స్ బాక్సులు నాలుగు ప్యారలల్ కడ్తరు, అది 2 ఓమ్స్ అయితది. ఈ యాంప్ 8 ఓమ్స్‌కు చేసింది, 4కు గూడ కష్టం మీద మోస్తది, 2 అంటే నాలుగింతల కరెంటు. పది రోజులు రాత్రీ పగలు. దానికి మీ దగ్గర ఉన్న మైక్ సెట్ యాంప్‌లే, పీఏ యాంప్‌లంటరు, కరెక్టు, వాటిని చేసిందే ఆ పనికి. ఇది ఇంట్ల వినేది. 50 వాట్లు అంటే తక్కువ అనుకోకుండ్రి, 8 ఓమ్స్ మీద 20 వోల్టులు, నిజమైన 50 వాట్లు. 1990లల్ల డబ్బాల మీద స్టిక్కర్ ఏసెటోళ్లు గదా 1000 వాట్స్ పీఎంపీఓ, 2000 వాట్స్ పీఎంపీఓ అని, అది పెంచి రాసే లెక్క, లోపల ట్రాన్స్‌ఫార్మర్ చూస్తే పిడికిలంత, అది 20 వాట్లు గూడ సక్కగ ఇయ్యదు. యాంప్ల పవర్ ఎంతుందో స్టిక్కర్ చూడకుండ్రి, ఎత్తి చూడుండ్రి. వాట్లు రెట్టింపయితే సౌండు పెరిగేది 3 డెసిబెల్సే, చెవికి జరంత తేడా అనిపిస్తది.

పవర్ యాంప్‌కు వాల్యూమ్ ఉండదు చానా వాటికి, దీనికి ఉన్నది కాబట్టి సరిపోయింది. లేనిదానికి ముందట వాల్యూమ్ ఉండే ప్రీయాంప్ లేకుంటే కనీసం ఒక మంచి స్టీరియో పొటెన్షియోమీటర్, అంటే వాల్యూమ్ కంట్రోల్, డబ్బాల పెట్టి పెట్టుండ్రి. ఫోన్ నేరుగ తగిలించి, ఎవరో పిల్లగాడు ఫోన్ల సౌండ్ ఫుల్లు చేసి పాట పెడితే స్పీకర్ బాక్సుల సన్న శబ్దాలు పాడే ట్వీటర్ అక్కడనే పోతది. ఇన్‌పుట్ పిన్నులు పెట్టేటప్పుడు, తీసేటప్పుడు యాంప్ ఆఫ్ చెయ్యుండ్రి ప్రతిసారి. ఇంకొకటి, మన ఇండ్లల్ల అవ్వలు, అక్కలు టీవీ మీద, మిక్సీ మీద అల్లిన గుడ్డ కప్పుతరు, ఎంతో ప్రేమతోటి అల్లింది, నేను కాదనను, కని యాంప్ మీద మాత్రం కప్పకుండ్రి. మీద జానెడు జాగా ఖాళీ ఉండాలె, ఆ గాలి సందులల్లకెల్లే అది ఊపిరి పీల్చుకుంటది.

సరే, టైమ్ అయితున్నది, ఇప్పుడు దీనికి కరెంటు ఇద్దాం. రిలే మారింది, ట్రాన్సిస్టర్లు మారినయ్, ఫిల్టర్లు మారినయ్, గమ్ము తీసిన, ప్రీసెట్లు కొత్తయి. నిన్న రాత్రి పూర్తయింది, ఇంతవరకు ప్లగ్గు పెట్టలే, మీ ముందటనే పెడదామని ఆగిన. ఇగో ఇది సిరీస్ బోర్డు. 100 వాట్ల బల్బు, ఫిలమెంట్ బల్బు, యాంప్‌కు వరుసల ఉన్నది. ఎల్‌ఈడీ పనికిరాదు దీనికి. ఫిలమెంట్ బల్బులు తక్కువైనయిప్పుడు, ఎక్కడ కనవడ్డా రెండు కొని దాచుకోండ్రి. లోపల ఎక్కడన్న షార్ట్ ఉంటే బల్బు నిండుగ ఎలిగి అట్లనే ఉంటది, యాంప్‌కు అర యాంపియర్ గూడ పోదు, ఏం కాలదు. అంత బాగుంటే ఒక్కసారి మెరిసి, కండెన్సర్లు నిండినంక మెల్లగ తగ్గిపోవాలె. 1989ల మా ఇంట్ల ఈ బల్బు ఒక్కటి ఉన్నా మా మామ యాంప్ బతికేది.

జర లైట్లు ఆర్పుండ్రి తమ్మీ, బల్బు కనవడాలె. స్పీకర్ ఇంకా తగిలియ్యలే, దాని బదులు 8 ఓమ్స్ రెసిస్టర్ పెట్టిన. ఏస్తున్న.

...మెరిసింది. తగ్గుతున్నది, చూడుండ్రి, తగ్గుతున్నది. ఎర్రగయింది. ఇగ కనవడీ కనవడనట్టు ఉన్నది. ఆగుండ్రి, మాట్లాడకుండ్రి.

టక్. ఇన్నరా? రిలే.

లెఫ్ట్ ఛానల్ మీద మీటర్ పెడ్తున్న. తమ్మీ నువ్వు ఇటు రా, ఆ అంకె అందరికి ఇనవడేటట్టు చదువు.